ఆయన పేరు మీద రాసిన జవాబులు

పదకొండు గంటలకు రావలసిన కరీంనగర్ బస్సు ఇప్పుడే నిర్మల్ ఘాటు దాటిందని, "అన్నా, జర లేటయితుంది, ఏమనుకోకు" అని సంపత్ మెసేజ్ పెట్టాడు. అన్నా అన్న ఆ పిలుపు చూసి అనసూర్య ఫోనును ఒళ్లో బోర్లించుకుంది. ఘాటు దాటితే నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్, అంటే ఇంకో గంట. ఆదిలాబాద్ బస్టాండులో సిమెంటు బెంచీ డిసెంబరు చలికి తడిబట్టలా ఉంది, శాలువా మడిచి కింద వేసుకున్నా చలి పైకి పాకుతూనే ఉంది. పక్కన యవత్మాల్ బస్సు కోసం కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు మరాఠీలో ఎవరి కోడలి గురించో గుసగుసలాడుకుంటున్నారు. రోడ్డు మీద పత్తి లారీలు మిల్లుల వైపు పోతున్నాయి, లారీ పోయిన ప్రతిసారీ గాలిలో నాలుగు పీచులు తేలి ఎవరి తలమీదో వాలుతున్నాయి. గంట. ఈ గంటలో ఏం చెప్పాలో కూడగట్టుకోవాలి. సంపత్ వస్తున్నది ఆమె కోసం కాదు, ఆమె భర్త పరశురాములు కోసం. పరశురాములు చనిపోయి పదమూడు నెలలైంది. ఆ సంగతి సంపత్‌కు తెలియదు. తెలియకుండా చేసింది తనే.

తమ్మీ, ఆయన లేడు. అంతే కదా, మూడు మాటలు, పొద్దున్నుంచీ వాటిని పళ్ల వెనక పెట్టుకుని తిరుగుతోంది. కానీ లేడంటే ఎట్లా లేడు, ఫోను తిప్పి ఒక్కసారి వేలు ఆనిస్తే చాలు, ఉంటాడు. కరోనా ఏడాది, తను పనిచేసే పత్తి మిల్లు మూతపడినప్పుడు వీడియోలు మొదలుపెట్టాడు, బియ్యం డబ్బా మీద స్టీలు గ్లాసు, గ్లాసుకు ఆనించి ఫోను, ఎదురుగా మఠం వేసుకుని ఆయన. 'జర ఇనుండ్రి' అని యూట్యూబ్ ఛానెలుకు పేరు. తొమ్మిదేళ్లు మస్కట్‌లో ఒక గోదాములో పనిచేసి, ఒకే గదిలో ఉన్న గోవా మనిషి దగ్గర గిటారు వినడం నేర్చుకుని, వాయించడం రాలేదు, వినడమే వచ్చింది, అందరూ కంబళ్లూ సెంటు సీసాలూ తెచ్చుకుంటే రెండు అట్టపెట్టెల నిండా క్యాసెట్లు మోసుకొచ్చిన మనిషి. ఇంగ్లీషు అంతంతమాత్రం. మాట తెలవకున్నా మనిషి తెలుస్తడు అనేవాడు. పింక్ ఫ్లాయిడ్ అనే బ్యాండు వాళ్ల క్యాసెట్టు, అట్ట మీద గాజు ముక్కలోంచి రంగులు విచ్చుకునే బొమ్మది, దాన్ని పాటలుగా తుంచి వినేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండేది, చీరలోంచి ఒక్క పోగు లాగి చీర బాగుందన్నట్టుంటుందని. బీటిల్స్ నలుగురూ రోడ్డు దాటుతున్న అట్టను కెమెరాకు దగ్గరగా పట్టి, ఒక్కడికే చెప్పుల్లేవు చూడుండ్రి అని నవ్వి, నలుగురూ ఒకే దిక్కు నడుస్తున్నట్టు కనబడతారుగానీ అప్పటికే ఎవరి దారి వాళ్లు చూసుకున్నారని, ఆ పాటల్లో అది వినబడుతుందని చెప్పాడు. మైకేల్ జాక్సన్ కాళ్లు చూస్తూ లోకం ఆయన గొంతు వినడం మరచిపోయిందన్నాడు, మాటకూ మాటకూ మధ్య తీసే ఆ ఊపిరే సగం పాట అన్నాడు. నిర్వాణ బ్యాండులో పాడేవాడి మీద మాత్రం దయ చూపలేదు, గొంతు చింపుకుంటే దుఃఖం ఐతదా అని. ఆ వీడియో కింద తిట్టినవాళ్లే ఎక్కువ. క్వీన్‌లో పాడిన ఫ్రెడ్డీ మెర్క్యురీ గురించి, చిన్నప్పుడు మన దేశంలోనే బడికి పోయిండు అని గర్వంగా మొదలుపెట్టి, జబ్బుతో నిలబడలేని రోజుల్లో పాడిన పాటల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లూ వెనక తను గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆయన మౌనం మీద తన గిన్నెల చప్పుడు. ఆ చోటు వచ్చిన ప్రతిసారీ, కాసేపు చెయ్యి ఆపమని ఆ గిన్నెలు తోమే ఆడమనిషికి చెప్పాలనిపిస్తుంది.

ఆపలేదు, ఎప్పుడూ ఆపలేదు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆయనతో కూర్చుని ఒక్క క్యాసెట్టు మొదట్నుంచి చివరిదాకా విన్నది లేదు. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుడుతుంటే వెనకనుంచి వచ్చి ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టేవాడు, రెండోది తన చెవిలో ఉండేది, ఆ తీగ పొడవుకు సరిపోయేలా ఆమె పక్కనే వంగి నిలబడేవాడు. ఆమె భుజంతో తోసేసేది. చెయ్యి తప్పుతది, తర్వాత ఇంట, అనేది. తర్వాత అంటే ఎప్పుడు అని ఆయన అడగలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు, కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది, ఇప్పుడు పట్టుకోవడానికి ఒక జగడమైనా ఉండేది. చుట్టుపక్కల వాళ్లు ఆయన్ను ఇంగ్లీషు పాటలాయన అనేవాళ్లు, మిల్లులో నవ్వేవాళ్లు, తనూ నవ్వింది, పుట్టింటికి పోయినప్పుడు అక్కలతో చెప్పి నవ్వింది. నాలుగు వందల మంది చూస్తారు ఆ వీడియోలు, వాళ్లెవరో, ఎక్కడివాళ్లో, సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే సంపత్ ఒకడు. ఆ నాలుగు వందల మందిలో తను లేదు. యవత్మాల్ ఆడవాళ్లలో ఒకామె లేచి బస్సు వచ్చిందేమో చూసి వచ్చింది. రాలేదు. ఏ బస్సూ రాకపోతే బాగుండుననిపించింది అనసూర్యకు, ఘాటు దాటాక ఎక్కడో అది టైరు పగిలి ఆగిపోతే, ఎవరికీ దెబ్బ తగలకుండా, ఊరికే ఆగిపోతే, సంపత్ విసుగొచ్చి వెనక్కి పోతే, అప్పుడు ఆయన ఇంకొన్నాళ్లు ఉంటాడు.

నిరుడు కార్తీకంలో, మిల్లులో మధ్యాహ్నం అన్నం తిని, నల్లా దగ్గర చెయ్యి కడుక్కుని, పత్తి బేలుకు ఆనుకుని కూర్చున్నాడట. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. కళ్లు మూసుకుని వినడం రోజూ చూసేదే కనుక అరగంట దాకా ఎవరూ కదిలించలేదు. గుండె ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు, పాట మాత్రం ఆగలేదు. ఆసుపత్రి వరండాలో మిల్లు మనిషి ఒకతను ఆమె చేతిలో ఫోను పెట్టినప్పుడు, వేలాడుతున్న తీగల్లోంచి చీమ నడిచినంత సన్నగా ఏదో ఇంకా వస్తూనే ఉంది. అప్పుడు తనేం చేసింది, నొక్కింది. ఎక్కడ నొక్కిందో, ఆగిపోయింది. ఏం పాటో చూడలేదు. ఆయన వింటూ పోయిన పాటను తన చేత్తో ఆపేసి, అదేమిటో చూడను కూడా చూడలేదు. దినాలు అయిపోయాక అది మొదలైంది, నిద్రలో, బీడీ చుడుతుంటే, బిందెలో నీళ్లు పడుతుంటే, ఆపేముందు చెవిన పడ్డ ఆ నాలుగు సెకన్ల ముక్క, పైకి ఎక్కి అక్కడే తెగిపోయే ముక్క. ఫోనులో ఆరు వందల పైచిలుకు పాటలు, ఏ వరుసా లేకుండా తిరిగేట్టు పెట్టుకునేవాడు. ఆమె ఆ ఇయర్‌ఫోన్లే పెట్టుకుని ఒక్కొక్కటీ వినడం మొదలుపెట్టింది. మొగుడు పోయి నెల కాలేదు, పాటలు వింటోందని వాడలో అనుకున్నారు. అనుకోనీ అనుకుంది. అత్త గంగుబాయి ఒక్కతే ఏమీ అనలేదు. ఐదో నెలలో దొరికింది అది. అబ్బా అనే గుంపు వాళ్లది. ఇద్దరు ఆడవాళ్లు కలిసి పాడేది. ఆయన ఆ గుంపును పెండ్లి బ్యాండు అని ఎగతాళి చేసేవాడు, వాళ్ల మీద ఒక్క వీడియో చెయ్యలేదు, కానీ వాళ్ల పాటలు పదకొండు దాచుకున్నాడు. ఆ ఇద్దరి గొంతులూ బరువైన గంపను చెరోపక్క పట్టుకుని మెట్లెక్కుతున్నట్టుంటాయి, ఒకరు వదిలితే ఇంకొకరు పడిపోతారన్నట్టు. పైకి సంబరంగా ఉంటుంది, లోపల ఎవరో ఇల్లు ఖాళీ చేస్తున్నట్టుంటుంది. ఇంత ఇష్టాన్ని ఎందుకు దాచాడు, ఎవరు నవ్వుతారని, తను నవ్వుతుందనా.

అంతకంటే ముందే, ఆయన పోయిన ఆరో వారంలో, ఫోను టింగుమంది. ఆఖరి వీడియో కింద సంపత్ అనే పేరుతో ఎవరో, అన్నా, నెల దాటింది, వీడియో లేదు, పానం బాగున్నదా అని రాశారు. చెబుదామనే తెరిచింది. చనిపోయిండు అని రాయడానికి చ దగ్గర వేలు పెట్టింది కూడా. కానీ ఆ పానం బాగున్నదా అన్న మాట, అది లోకంలో ఆయన్ను ఎవరూ ఇక అడగని మాట, ఒక్క మనిషి ఇంకా అడుగుతున్నాడు. బాగున్న తమ్మీ, అని రాసింది. రాసి ఫోనును బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. మర్నాడు తీసి చూస్తే సంతోషమన్నా అని ఉంది, దాని కింద ఒక ప్రశ్న ఉంది. పింక్ ఫ్లాయిడ్‌లో ఏది గొప్ప, రంగుల గాజుముక్కదా, తెల్ల ఇటుకల గోడదా. ఆమె పాత వీడియోలన్నీ వెతికి, ఆయన ఏమన్నాడో విని, ఆయన మాటల్లోనే జవాబు రాసింది. తర్వాత అదే పని అయింది. సంపత్ అడగడం, ఆయన గొంతును ముందుకూ వెనక్కూ తిప్పి ఆమె వెతకడం, రాయడం. సంపత్ కూడా తన సంగతులు రాసేవాడు, సాంచెల చప్పుడులో తల మీద తువాలు కట్టుకుని దాని కింద ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటారట అతనూ వాళ్ల అన్న రాయమల్లూ, నిర్వాణ పాటలు మాత్రం ఇయర్‌ఫోన్లు తీసినా వినబడుతున్నట్టే ఉంటాయట, సాంచె దెబ్బా వాళ్ల డ్రమ్ము దెబ్బా ఒక్కటేనట, అందుకే అన్నా, నువ్వు ఆ పాడేటాయన్ను తిట్టుడు నాకు నచ్చలే అని. ఒకరోజు అబ్బా గురించి అడిగాడు. ఆయన ఎన్నడూ చెప్పనిది. వెతకడానికి వీడియో లేదు. ఆమె ఆ పాట ఇంకోసారి విని, నాకు ఇష్టం, ఇంట్ల చెప్పలే, అని రాసింది. అది ఆయన మాటో తన మాటో అప్పటికి తెలియలేదు.

కానీ జూన్‌లో రాసింది అట్లాంటిది కాదు. అది తెలిసి రాసింది. దాన్ని తలచుకుంటేనే అనసూర్య చేతులు కొంగులోకి పోయాయి. ఆయన పాత వీడియో ఒకటుంది, పాడేవాడో వాయించేవాడో చనిపోతే మిగిలినవాళ్లు ఏం చెయ్యాలని. లెడ్ జెప్పెలిన్ వాళ్ల డ్రమ్ము వాయించేవాడు పోతే వాళ్లు అంతటితో ఆపేశారు, అది మర్యాద అన్నాడు ఆయన, కెమెరాకు దండం పెట్టి మరీ. అదే ఏడు ఏసీ/డీసీ అనే బ్యాండులో పాడేవాడు పోయాడు, వాళ్లు మాత్రం ఆపలేదు, ఆ ఏడే ఇంకొకణ్ని తెచ్చి, పోయినవాడి కోసం అట్టంతా నల్లగా వేసి రికార్డు తెచ్చారు. "సంవత్సరీకం గాలే, కొత్త గొంతును తెచ్చి నిలవెట్టిన్రు. మనిషి పోతే దుకాణం బంద్ చెయ్యాలె. ఆ జాగ ఆయనది" అన్నాడు. అప్పుడు ఆయన కళ్లలో నిజంగానే కోపం ఉంది. సంపత్ ఆ వీడియో గురించే రాశాడు. వాళ్ల అన్న రాయమల్లు మార్చిలో చనిపోయాడు, కామెర్లు. పక్కపక్కనే నడిపేవాళ్లు ఇద్దరూ. అన్న సాంచెలు కూడా నువ్వే నడుపు, లేకపోతే ఇంకొకరికి ఇస్తానని షెడ్డు సేటు అంటున్నాడు. వాటి మీద చెయ్యి వెయ్యబోతే అన్న పక్కన నిలబడి చూస్తున్నట్టుంటుంది. పాటలు కూడా ఇనుడు బంద్ చేసిన. అన్నా, బంద్ చెయ్యాలె అన్నవు కదా, ఇప్పుడు కూడా అదేనా. ఆమె ఆ నల్ల అట్ట రికార్డు వింది. మొదట గంట మోగుతుంది, మెల్లగా, ఎవరినో పాడె మీద మోసుకుపోతున్నట్టు. తర్వాత ఆ కొత్త మనిషి గొంతు, బిగపట్టుకుని, అంచు మీద నడుస్తున్నట్టు. దాంట్లో ఆయన చెప్పిన సిగ్గులేనితనం ఆమెకు ఎక్కడా కనబడలేదు. పోయినవాడి చొక్కా దండెం మీద ఇంకా వేలాడుతుండగా, దాన్ని తగలకుండా పక్కనుంచి వంగి ఇల్లు ఊడ్చే మనిషి కనబడింది. నాలుగుసార్లు విని, తమ్మీ, నేను అప్పుడు తప్పు చెప్పిన, అని రాసింది. పోయినోని జాగల నిలబడుడు దొంగతనం కాదు, ఆ మనిషి పోయినోని లెక్క పాడలే, పోయినోడు ఇంటుండని పాడిండు, నువ్వు బంద్ చెయ్యకు. పంపాక దాన్ని మళ్లీ చదువుకుంది. చనిపోయిన మనిషి నోట్లో వేలు పెట్టి ఆయన మాటను తీసేసి తన మాటను పెట్టింది. ఆయన వచ్చి అడిగితే ఏం చెబుతుంది. ఆ రాత్రి కలలో ఆయన రాలేదు, తర్వాత కూడా రాలేదు, అప్పటిదాకా వచ్చేవాడు.

సంపత్ వారం తర్వాత రాశాడు, అన్న సాంచెలు నడుపుతున్నానని. దసరాకు రాశాడు, పాటలు మళ్లీ వింటున్నానని. మొన్న రాశాడు, అన్నా, నిన్ను ఒక్కసారి కండ్లతోని చూడాలె, పనికి సెలవు చెప్పిన, వస్తున్న. వద్దని మూడుసార్లు రాసి తుడిపేసింది. ఒక మనిషి తన అన్న చావును మోసుకుంటూ తిరిగి, దాన్ని దించిన చోటు ఇది, ఆ చోట ఎవరూ లేరని ఇప్పుడు చెప్పాలి. చెబితే అతను ఆ సాంచెలను మళ్లీ ఆపెయ్యడా. చెప్పకుండా, ఆయన ఊరికి పోయాడనీ, మస్కట్ వెళ్లాడనీ అంటే. అనొచ్చు. మస్కట్ అంటే ఎవరూ మళ్లీ అడగరు. పొద్దున ఇల్లు దాటుతుంటే గంగుబాయి ఎక్కడికని అడిగింది, ఆయన దోస్తు వస్తున్నాడంది తను. ముసలామె పొయ్యిలో కట్టె ఎగదోసి, వీడియోలు పెద్దగ పెట్టకు బిడ్డా, వాడు లోపట్నే ఉన్నట్టు ఉంటది, పిలుద్దామనిపిస్తది, అంది. ఆమె కూడా వింటూనే ఉందన్నమాట ఇన్నాళ్లూ, గోడ అవతలనుంచి. మస్కట్ అని చెప్పాలని బస్టాండుదాకా అనుకుంటూ వచ్చిన అనసూర్యకు ఇప్పుడు ఆ మాట నోట్లో ఇసకలా ఉంది.

బస్సు పన్నెండుకు వచ్చింది. దిగినవాళ్లలో అతనెవరో చూడగానే తెలిసింది, నలభై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి, చేతిలో గుడ్డసంచి, మెడలో ఇయర్‌ఫోను తీగ. అతని చూపు ఆమె మీదుగా పోయింది, ఆగలేదు. అతను వెతుకుతున్నది మీసాలున్న యాభై ఏళ్ల మగమనిషిని. టీ బండి దగ్గర ఉన్న ఒకాయన దగ్గరికి పోయి ఫోనులో ఆయన బొమ్మ చూపించి అడిగాడు, ఆయన తల అడ్డంగా ఊపాడు. స్తంభానికి ఆనుకున్న ఇంకొకాయనను అడిగాడు. ఆయనా చూడలేదన్నాడు. అనసూర్య లేవాలి, లేవలేకపోయింది, అతని చూపు వెంటే ఆమె చూపూ పోతోంది. తోపుడుబండి పక్కన వీపు తిప్పి నిలబడ్డ ఒక బూడిదరంగు స్వెట్టరు మనిషి వైపు సంపత్ నడుస్తుంటే ఆమె బెంచీ అంచుకు జరిగింది, ఎందుకంటే ఆ వీపు, ఆ మెడ వంపు, ఒకవేళ ఆయన తిరిగి, అవును తమ్మీ నేనే అంటే. స్వెట్టరు మనిషి తిరిగాడు. ఎవరో. ఒళ్లో ఫోను టింగుమంది. "అన్నా, దిగిన. ఏడున్నవ్?"

ఆమె లేచి, అతని దగ్గరిదాకా నడిచి, నువ్వు సంపత్‌వేనా అని అడిగింది. అవునన్నాడు, అర్థంకానట్టు చూస్తూ. పరశురాములు భార్యనని చెప్పింది. అతని ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది, వదినెనా, దండం వదినె అని చేతులు జోడించి, అన్న రాలేదా, పని మీద ఉన్నడా అంటూనే సంచిలోంచి కాగితంలో చుట్టిన బట్ట తీశాడు. నీలం రంగు, సన్న గీతలు.

"అన్నకు అంగీబట్ట. మా రాయమల్లన్న సాంచె మీద నేసిన. ఎట్ల నేసిన్నో అన్ననే చూడాలె."

మస్కట్ అన్న మాట అంతవరకూ నోటిదాకా వచ్చే ఉంది. బట్టను అతను రెండు చేతులమీదా పరిచి పట్టుకున్నాడు, కొత్త బట్ట గంజివాసన వస్తోంది.

"ఆయన లేడు తమ్మీ," అంది. "నిరుడు కార్తీకంల చనిపోయిండు."

అతని పెదవులు కదులుతున్నాయి, నెలలు లెక్కపెట్టుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. నిరుడు కార్తీకం, తర్వాత మార్చి, తర్వాత జూన్.

"మరి జూన్ల నాకు రాసింది?"

"నేను."

"మా అన్న పోయిండని నేను చెప్పుకున్నది..."

"నాకే."

అతను బట్టను మళ్లీ మడిచాడు, మడత మీద మడత, అంచులు కలిసేలా, ఎంతో నిదానంగా. నవ్వుకున్నవా వదినె, అని అడిగాడు, గొంతు పెంచకుండానే. లేదంది. ఇంకేదో చెప్పబోయింది, అప్పటికే అతను వెనక్కి తిరిగాడు. నల్లా దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాడు, చాలాసేపు కడుక్కున్నాడు, తర్వాత ఇందాక దిగిన బస్సు దగ్గరికే పోయి తలుపు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. వెనక్కి ఎప్పుడు పోతుందని డ్రైవరును అడుగుతున్నట్టుంది. ఆమె అతని వెనక పోలేదు. పోతే పోనీ అనుకోలేదు, రావాలనీ అనుకోలేదు, చేతులు రెండూ ఖాళీగా వేలాడుతుంటే వాటిని ఏం చెయ్యాలో తెలియక నిలబడింది. ఆసుపత్రి వరండాలో కూడా ఇట్లాగే నిలబడింది, ఎవరో వచ్చి కూర్చోమనేదాకా. ఈ పదమూడు నెలలూ ఎవరితోనూ అనని మాటను ఇప్పుడు అన్నది, చనిపోయిండు అని, తన నోటితో, గట్టిగా. దినాలప్పుడు కూడా తను ఆ మాట అనలేదు, మిగతావాళ్లంతా అన్నారు. అన్నాక ఏదో తేలికవుతుందని వింటుంది ఎప్పుడూ. తేలిక కాలేదు. చెవుల్లో ఒక్కసారిగా బస్టాండు చప్పుడంతా పడింది, హారన్లు, కండక్టర్ల కేకలు, ఎవరిదో దగ్గు, ఇవన్నీ ఇంతసేపూ ఎక్కడున్నాయో.

సంపత్ తిరిగి వచ్చాడు. ముఖం ఇంకా తడిగానే ఉంది.

"అన్న మాట నాకు యాదికున్నది. బంద్ చెయ్యాలె అన్నడు. బంద్ చెయ్యకు అన్నది నువ్వు. నీ మాటను అన్న మాట అనుకొని నేను సాంచెలు నడిపిస్తున్న. గిప్పుడు ఎవల మాట ఇనాలె నేను?"

పాత వీడియోల్లో ఎక్కడా దీనికి జవాబు లేదు.

"ఆయన మంచిగనే చెప్పిండు తమ్మీ. గని గప్పటికి ఆయన పక్కలకెళ్లి ఎవలు పోలేదు. పాటలు ఇని చెప్పిండు. నా పక్కలకెళ్లి ఆయన పోయిండు. నేను అది చూసి రాసిన. నీకు ఏది నిజమనిపిస్తే అది పట్టుకో."

అతను, ఆ నల్లట్ట రికార్డు మొత్తం విన్నావా అని అడిగాడు. నాలుగుసార్లు విన్నానంది. రాయమల్లన్నకు అది మస్తిష్టం అన్నాడు, ఆ గంట మోగేచోట సాంచె ఆపేవాడట, సేటు తిట్టినా సరే. బెంచీ మీద ఆమె శాలువా పక్కన కూర్చున్నాడు. తర్వాత, మిగతావాళ్లకు చెప్పినవా అని అడిగాడు. లేదంది. ఎవరూ అంతగా అడగరని, అప్పుడప్పుడు ఒకరిద్దరు కొత్త వీడియో ఎప్పుడని రాస్తారని చెప్పింది.

"చెప్పు వదినె. వాళ్లు కూడా ఎవలో ఒకలను పోగొట్టుకున్నోళ్లే ఉంటరు."

ఆమె ఫోను తెరిచింది. ఆఖరి వీడియో కింద రాయసాగింది, వేళ్లు చలికి బిగుసుకుపోయి ఒక్కో అక్షరం రెండుసార్లు నొక్కవలసి వచ్చింది. పరశురాములు నిరుడు కార్తీకంలో చనిపోయిండు. అప్పటినుంచి మీకు జవాబులు రాసింది నేను. తప్పు ఐతే నన్ను అనుండ్రి, ఆయనను అనకుండ్రి. ఆయన భార్య అనసూర్య. ఒకసారి చదువుకుని పంపింది. అది పైకి వెళ్లి కూర్చుంది, పక్కన గుండ్రటి బొమ్మలో ఆయన, మీసాల కింద నవ్వుతూ, మిల్లు చొక్కాలో. చూసేవాళ్లకు ఆయనే వచ్చి తన చావును చెప్పుకుంటున్నట్టుంది. ఆ సంగతి ఆమెకు ముందు తట్టలేదు. గబగబా తుడపబోతుంటే సంపత్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనియ్," అన్నాడు. "ఆయనదే కదా ఇల్లు."

ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు. కరీంనగర్, కరీంనగర్ అని కండక్టరు పిలుస్తున్నాడు. అతను లేవలేదు. బస్సు వెనక్కి తిరిగి, పొగ వదిలి, పత్తి లారీల మధ్యకు పోయింది. అప్పుడు లేచి, కాగితంలో చుట్టిన బట్టను ఆమె చేతుల్లో పెట్టాడు, ఏమీ చెప్పకుండా. ఆమె కూడా వద్దనలేదు. బట్ట అనుకున్నదానికంటే బరువుగా ఉంది.

"ఇల్లెటు అక్కా?" అన్నాడు.

మిల్లుల రోడ్డు చూపించి ఆమె ముందు నడిచింది. అతను తనను వదినె అనలేదని నాలుగడుగులు వేశాక గానీ గమనించలేదు.